కప్పెట్టిన మాట

శ్రీకాకుళంలో నేను పనిచేసే ఆసుపత్రిలో నా గది ఎక్స్‌రే గదికి ఆనుకుని ఉంటుంది. తలుపు మీద ‘కౌన్సెలింగ్’ అని రాసిన రేకు ముక్క ఉంది. దాన్ని చదివి వచ్చేవాళ్లు తక్కువ. పెద్ద డాక్టరు చీటీ మీద ఏదో గీసి, ఆ మూల గదికి వెళ్లమంటే వస్తారు. సూది వేస్తారేమోనని లోపలికి వస్తూనే జబ్బ మీద జాకెట్టు పైకి లాక్కున్న ఆడవాళ్లను చూశాను. ఇక్కడ మాటలు తప్ప ఇంకేమీ ఉండవని తెలిశాక కొందరి మొహం తేలికపడుతుంది. ఎక్కువమంది మొహం వాడిపోతుంది. ఇంత దూరం బస్సెక్కి వచ్చింది మాటల కోసమా అని.

మాది పొందూరుకి దగ్గర్లో ఒక పల్లె. వరి, గోగు, మెట్ట మీద చోళ్లు, ఉలవలు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషిని నేనే. పీజీ విశాఖపట్నంలో చేశాను. అక్కడ ఒకరు కౌన్సెలరుగా, ఒకరు పేషెంటుగా నటించే తరగతి ఒకటుండేది. ఒకరోజు నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఏడుస్తున్నట్టు బాగా నటించింది. నేను నిజంగానే కరిగిపోయి, “ఏటైనాదమ్మా?” అన్నాను. తరగతంతా గొల్లుమంది. మా మేడం కూడా నవ్వారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “భాష కాస్త సరిచేసుకో. రేపు నీ మాటను పేషెంట్లు లెక్కచెయ్యాలి కదా” అని మెత్తగానే చెప్పారు. మిగతా రోజుల్లో నా నాలుక మీదున్న ఊరును కడిగేసుకున్నాను. టీవీలో వార్తలు చదివే మనిషిలా, “అప్పుడు మీకు ఏమనిపించింది?” అని అడగడం నేర్చుకున్నాను.

ఆ భాషతోనే ఉద్యోగంలో చేరాను. మొదటి ఏడాది నా గదిలో ఫ్యాను చప్పుడే ఎక్కువ వినిపించేది. ఏమనిపిస్తోందని అడిగితే, “ఏటీ అనిపించదమ్మా” అనేవారు. అందులో అబద్ధం లేదు. మా వైపు బాధ అనిపించేది కాదు. అది గుండెలో మండుతుంది, బుర్రను దిమ్మెక్కిస్తుంది, కాళ్లు లాగేస్తుంది. ఒకనాడు ఒక ముసలమ్మ నా ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, చివరికి విసుగొచ్చి, “అదంతా ఒగ్గీ గానీ, నువ్వే ఊరు పిల్లవే?” అంది. మన సంగతులు పేషెంట్లకు చెప్పకూడదని చదువులో నేర్పారు. చెప్పేశాను. ఊరు చెప్పాను, ఎవరి మనవరాలినో చెప్పాను. “మా ఆడబడుసుని ఇచ్చిన ఊరే” అంటూ ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఏటైనాదత్తా, సెప్పు” అన్నాను. గంటన్నర మాట్లాడింది.

ఆ తర్వాత నా గదికి జనం వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. మన బాస మాటాడే డాక్టరమ్మ అని పేరు పడింది. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆ పేరు పోలేదు. పోవాలని నేనూ గట్టిగా కోరుకోలేదు.

నా పద్ధతి చదువులోంచి వచ్చినదానికంటే మా నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చింది ఎక్కువ. ఊళ్లో ఆడవాళ్ల తగువులు ఆవిడ దగ్గరికి వచ్చేవి. అత్తాకోడళ్లు, తోడికోడళ్లు, అలిగి పుట్టింటికి వచ్చేసిన పిల్లలు. రెండు వైపులవాళ్లనూ పిలిపించి, వీధి గదిలో నేల మీద కూర్చోబెట్టి, తను మధ్యలో కూర్చునేది. ఎవరి కడుపులో ఉన్నది వాళ్లచేత కక్కించేది. ఎవరో ఒకరు ఏడ్చేదాకా వదిలేది కాదు. ఏడుపు మొదలవగానే నా వైపు చూసి తలాడించేది. నేను లోపలికి పరిగెత్తి, టీ పెట్టమని అమ్మకు చెప్పాలి. ఏడుపు వచ్చిందంటే తగువు తీరినట్టే. ఎనిమిదేళ్ల వయసులో నాకు అర్థమైన వైద్యం అది. చదువులన్నీ దాని మీద పరిచిన దుప్పటిలాంటివి.

అందుకే నేను మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడితే చాలదనుకునేదాన్ని. మన ఇళ్లల్లో ఒక్క మనిషి విడిగా బాగుపడడం ఉండదు, ఇంటిల్లిపాదినీ పిలవాలి అనేదాన్ని. చాలా ఇళ్ల విషయంలో అది పనిచేసింది కూడా. లేదా పనిచేసిందని అనుకున్నాను.

మూడేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. శ్రీకూర్మం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇరవై ఏడేళ్లుంటాయి. తలనొప్పి, నిద్ర లేదు, వంట చేస్తూ చేస్తూ పొయ్యి ముందు అలా నిలబడిపోతోంది. పరీక్షలన్నీ చేసి, ఏ జబ్బూ లేదని నా దగ్గరికి పంపారు. అంతకు రెండేళ్ల ముందు మూడేళ్ల కొడుకు నీళ్లలో పడి పోయాడని కాగితం మీద రాసి ఉంది. మొదటి మూడుసార్లు తలనొప్పి గురించే చెప్పింది. ఎడమ వైపు మొదలవుతాది, కంటి మీదకొస్తాది, వెలుగు సూడలేను. నేను విన్నాను. నాలుగోసారి వచ్చినప్పుడు, నేనేమీ అడగకుండానే, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని చెప్పింది.

“ఆ రోజు అత్త పొలం ఎల్లింది. నాను పెరట్లో బట్టలారేస్తన్నాను. మా అప్ప ఫోన్ సేసింది. మాటాడతన్నాను. ఆడు నా ఎనకాలే ఉన్నాడనుకున్నాను.” సంచీ పిడి సర్దుకుంది. “పశువుల నీళ్ల తొట్టి ఉన్నాది. ఎంతో లోతుండదమ్మా అది.”

గడ్డిమోపుతో అప్పుడే ఇంటికి తిరిగొచ్చిన అత్త పిల్లాడిని తొట్టిలోంచి పైకి తీసింది. ఆ అమ్మాయి అరుపు విని వీధి వీధంతా పెరట్లోకి వచ్చేసరికి, అత్త పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని అందరికీ వినపడేలా ఒకటే మాట అంది: నా దగ్గర ఒగ్గీసి కోడలు లోపలికెల్లింది, నానే సూసుకోనేదు. ఆ మాటే ఊరికీ, పోలీసులకీ, మిల్లులో పని వదిలి పరిగెత్తుకొచ్చిన కొడుక్కీ, అంటే ఈ అమ్మాయి భర్తకీ చేరింది. ఆ రోజు నుంచి కొడుకు తల్లితో మాట్లాడలేదు. ఆవిడ పెరట్లో ఉంటే అతను వీధిలోకి వెళ్లిపోతాడు. ఆవిడ పశువుల శాల పక్కన పంచలో వేరే వండుకు తింటోంది.

“నువ్వు మీ అత్తని అడిగినావా, ఎందుకలాగ సెప్పినాదని?”

“నేదమ్మా. నానడగనేదు. ఆవిడా ఎత్తనేదు.” తల పట్టుకుంది. “బావ నన్ను బాగా సూస్తాడు. జొరమొస్తే అన్నం కలిపి నోట్లో ఎడతాడు. ఆ ముద్ద దిగదమ్మా నాకు.”

నాకు అంతా తేటగా కనిపించిందనుకున్నాను. ముగ్గురినీ కూర్చోబెట్టి నిజం బయటికి తీస్తే తల్లికి కొడుకు దక్కుతాడు, ఈ పిల్లకు ముద్ద దిగుతుంది. అయినా చిన్నపాటి అనుమానం ఉండి విశాఖలో మా మేడానికి ఫోన్ చేశాను. ఇలాంటి సందర్భాల్లో ఆవిడ సలహా అడగడం నాకు అలవాటు. పేర్లు చెప్పకుండా విషయం చెప్పాను. “తొందరపడకు” అన్నారు. “ఆ అమ్మాయికి ఏం కావాలో ముందు తెలుసుకో. ఆ అబద్ధం తీసేస్తే ఆ ఇంట్లో ఏం మిగులుతుందో చూశావా?” సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక, మా మనుషుల సంగతి ఈవిడకేం తెలుసు అనుకున్నాను. ‘ఏటైనాదమ్మా’ అంటే నవ్విన మనిషి.

తర్వాతి వారం ఆ అమ్మాయిని అడిగాను, ఇంటివాళ్లను తీసుకొస్తావా, అందరి ముందూ చెప్తావా అని. “మీ ఇష్టమమ్మా. మీరెలాగ సెప్తే అలాగే” అంది. ఫైల్లో ‘అంగీకరించింది’ అని రాసుకున్నాను. మా వైపు ఆడపిల్ల ఆ మాట ఎప్పుడంటుందో నాకంటే ఎవరికి తెలుసు? నా పెళ్లి సంబంధం గురించి నాన్న అడిగినప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఆ పెళ్లి నాలుగేళ్లు నిలిచింది.

ముగ్గురూ ఒక మంగళవారం పొద్దున వచ్చారు. అత్త నాకోసం ఒక కట్ట మునక్కాయలు తెచ్చింది. కొడుకు ఉన్నచోట కుర్చీలో కూర్చోనని నేల మీద చతికిలబడింది. నేను కూడా కుర్చీ వదిలి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. అలా కూర్చోగలిగినందుకు నా మీద నాకే ముచ్చటేసింది. అతను సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్షకు వచ్చినవాడిలా చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పెళ్లాం తలనొప్పి తగ్గడానికి ఏదో చెప్తారని వచ్చాడు.

ఆమె చెప్పింది. తలెత్తకుండా, గుక్కతిప్పుకోకుండా, ఫోన్ సంగతితో సహా. “ఆడు నా దగ్గరే ఉన్నాడు బావా. అత్త పొలంలో ఉన్నాది.”

అతను తల్లివైపు తిరిగాడు. “నిజఁవేనా?” అన్నాడు.

రెండేళ్లలో తల్లితో అతనన్న మొదటి మాట. నా గుండె ఉప్పొంగింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“కాదు” అంది తల్లి. “దీని బుర్ర బాగోనేదు. ఏటేటో అంటంది. నా దగ్గరే ఉన్నాడు గుంటడు.”

“నిజఁవే బావా” అని ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆ ఏడుపు వినగానే నాలో ఏదో సర్దుకుంది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను. ఆయమ్మను పిలిచి టీ తెప్పిద్దామని కూడా అనుకున్నాను. అతను లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తే సైకిల్ స్టాండు దగ్గర, ఎవరిదో బండి ముందు నిలబడి ఉన్నాడు. కాస్త గాలి పీల్చుకుని వస్తాడులే అనుకున్నాను. మళ్లీ చూసేసరికి అక్కడ లేడు.

అత్త మోకాలు పట్టుకుని లేచింది. “ఏటి సేసినావమ్మా” అంది నాతో. తిట్టలేదు. అరటిపండు తొక్క తొక్కి పడ్డ పిల్లను చూసినట్టు చూసింది. తన చీర కొంగుతో కోడలి మొహం తుడిచి, “లే, బస్సు ఎల్లిపోతాది” అంది.

తర్వాతి తేదీకి వాళ్లు రాలేదు. ఫైల్లో ఉన్న నంబరుకు చేస్తే మోగి ఆగిపోయేది. ఆ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే, అతను వారం తిరక్కుండానే మేస్త్రీతో కలిసి చెన్నై వైపు కట్టుబడి పనులకు వెళ్లిపోయాడని చెప్పింది. వెళ్లేముందు ఇంట్లో ఎవరితోనూ గొడవపడలేదట. ఎవరితోనూ మాట్లాడలేదట.

రెండు నెలల తర్వాత అత్త ఒక్కతే వచ్చింది. ఓపీ చీటీ తీసుకుని, వరసలో కూర్చుని, తన వంతు వచ్చాకే లోపలికి వచ్చింది.

“కోడల్ని ఆలమ్మోలింటికి పంపీసినాను” అంది. “ఉంటే ఆ తొట్టిని సూస్తా కూకుంటంది. తొట్టి పగలగొట్టీయమంటే ఒక్కడూ రాడు.”

“ఆ రోజు అలాగ ఎందుకన్నావత్తా?”

“ఏటి సెప్పమంటావు? గుంటడు ఎలాగూ పోనాడు. దాని సేతిలో పోనాడంటే ఆడు దాన్ని ఏలుకోడు. నాను తల్లిని. నా మీద కోపమెట్టుకుంటే ఎట్టుకుంటాడు, నానెక్కడికి పోతాను? ఆలిద్దరూ ఒకలి మొకం ఒకలు సూసుకుంటే ఇంకో గుంటో గుంటడో పుడతాది, ఇల్లు నిలబడతాది అనుకున్నాను.” మాటలు వెతుక్కోకుండా, ధాన్యం ఆరబెట్టిన సంగతి చెప్తున్నట్టు చెప్పింది. “ఆ మాట కప్పెట్టి దాని మీద కూకున్నాను. నువ్వు తవ్వీసినావు. మన పిల్లవి కదా, నీకు తెలుస్తాదనుకున్నాను.”

ఆవిడ నన్ను నిలదీయడానికి రాలేదు. పనిమీద వచ్చింది. కొడుకు కొత్త నంబరు రాసిన కాగితం కొంగుముడిలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

“ఆడికి ఫోన్ సేసి సెప్పమ్మా, అది బుర్ర బాగోక అలాగన్నాదని. మందులు ఆడతంది, అదంతా జబ్బే అని సెప్పు. నువ్వు డాక్టరమ్మవి. నువ్వు సెప్తే నమ్ముతాడు.”

సరిగ్గా అప్పుడు నాకు చదువు గుర్తొచ్చింది. అలా అబద్ధం చెప్పకూడదత్తా, మాకు నియమాలుంటాయి అన్నాను. ఆవిడ ఆ మాటను అర్థం చేసుకోవడానికి ప్రయత్నించింది. “అలాగా” అంది. కాగితం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. నియమాలు అక్కరకొచ్చే రోజున నేను ఊరి మనిషినయ్యాను. ఊరి మనిషి కావలసిన రోజున నియమాలు చెప్పాను.

తొమ్మిది రోజులు ఆ కాగితం నా బల్ల అద్దం కింద ఉంది. పదో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాను. అతను ఎత్తాడు. వెనకాల కాంక్రీటు కలిపే యంత్రం చప్పుడు. నేను ఎవరో చెప్పాను. “సెప్పండి మేడం” అన్నాడు. ఆ రోజు మీ ఆవిడ చెప్పింది జబ్బు వల్ల చెప్పింది, అలాంటి జబ్బులో జరగనివి జరిగినట్టు అనిపిస్తాయి, అని మొదలుపెట్టాను. కొంత సేపు విన్నాడు.

“మా యమ్మ సెప్పమన్నాదా?” అన్నాడు.

కాదని వెంటనే అనాల్సింది. అనలేకపోయాను. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు గానీ, అతనికి అది చాలింది. ఫోన్ పెట్టేశాడు. ఆ నంబరు ఇప్పుడు పనిచెయ్యడం లేదు.

ఆ చలికాలంలో ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లాను. అది పొందూరు పక్కనే, మా ఊరికి రెండు ఊళ్ల అవతల. పేషెంటు ఇంటికి వెళ్లడం కూడా చెయ్యకూడని పనే. వాళ్లమ్మ సన్న నూలు వడుకుతుంది. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి చాప మీద కూర్చుని, చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. మా ఇళ్లల్లో దూదిని అలాగే శుభ్రం చేస్తారు. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ వేసింది. “ఏటే, ఎలాగున్నావు?” అన్నాను.

“బాగానే ఉన్నానండి మేడం” అంది. “నిద్ర బాగానే పడుతోంది. తలనొప్పి కూడా తగ్గింది. మీరు శ్రమపడి ఇంత దూరం రావడం ఎందుకండి?”

ఒక్క ‘ఏటి’ లేదు, ఒక్క ‘నాను’ లేదు. బళ్లో పంతులుగారికి అప్పజెప్పినట్టు, అక్షరం తేడా లేకుండా మాట్లాడింది. నేనేమడిగినా ఆ భాషలోనే జవాబిచ్చింది. పావుగంట తర్వాత లేచాను. బస్సు దాకా వచ్చి సాగనంపింది. అంత మర్యాద.

దారిలోనే కాబట్టి మా ఇంటికి వెళ్లాను. అమ్మకు మనుషులెవరో చెప్పకుండా, నా వల్ల ఒక ఇల్లు చెడిందని మాత్రం చెప్పాను. నాయనమ్మ అయితే సరిచేసేదేమో అన్నాను. అమ్మ చేటలో ఉలవలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

“ఏడ్సినోలు ఇంటికెల్లినాక ఏటైనాదో మీ నాయనమ్మ ఎప్పుడైనా సూసినాదా?” అంది. “నన్నూ మీ నాన్ననీ మూడుసార్లు కూకోబెట్టింది, నీకు తెలీదు, నువ్వు చంటిదానివి. మూడుసార్లూ ఏడ్సినాను. ఎంటనే లేసి ఆ టీ కూడా నానే ఎట్టినాను. ఏటి మారినాది?”

మా నాన్న గురించి అమ్మ నాతో అన్నది అంతే. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పేదేమో తెలియదు. అడగడం ఎలాగో నాకు ఆ రోజు చేతకాలేదు.

ఉద్యోగం మానలేదు. వేరే పని రాదు. ఇప్పటికీ రోజూ అదే గదిలో కూర్చుంటాను, మా భాషే మాట్లాడతాను. జనం వస్తారు. కానీ ఎవరైనా నోరు విప్పి అసలు సంగతి చెప్పబోతుంటే, కొన్నిసార్లు మాట మళ్లించేస్తాను. అది జాగ్రత్తో, పిరికితనమో తేల్చుకోలేను. మా మేడానికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ‘నీ పరిస్థితుల్లో ఎవరైనా అలాగే చేసేవారు’ అన్నారు. పేషెంట్లకు మేం చెప్పే మాటే అది. నాకు బాగా తెలుసు.

పోయిన నెల ఆ అమ్మాయి తల్లి కంటి పరీక్షకు ఆసుపత్రికి వచ్చి, నా గది వెతుక్కుంటూ వచ్చింది. అల్లుడు రాలేదు, కబురు లేదు. శ్రీకూర్మం దగ్గర ఆ ఇంట్లో వియ్యపురాలు ఒక్కతే ఉంది, ఆవులను అమ్మేసింది. కూతురు తిండి తినడం లేదు, రోజుకు రెండు ముద్దలు కూడా కష్టమే, పత్తి మాత్రం పొద్దస్తమానం దువ్వుతుంది.

“మాత్రలేటైనా ఇస్తారామ్మా?” అంది.

మాత్రలు రాసే అధికారం నాకు లేదు. ఆవిడను తీసుకుని డాక్టరు గదికి వెళ్లాను. ఆయన క్యాంపుకు వెళ్లారు. గురువారం ఉంటారు, అమ్మాయిని తీసుకురండి, నేను దగ్గరుండి చూపిస్తాను అన్నాను. అలాగేనమ్మా అంది. తన చీటీ వెనకాల నా చేత గురువారం అని రాయించుకుంది.

గురువారం పొద్దుటి నుంచి ఓపీ మూసేదాకా గది వదలకుండా కూర్చున్నాను. వాళ్లు రాలేదు.